ఇస్త్రీ బాబాయి

కలిదిండి సెంటర్లో పొద్దున్నే టీకొట్టు దగ్గర కాసేపు నిలబడితే ఇద్దరు ముగ్గురు ఇస్త్రీ బాబాయిలు తగులుతారు. 2022లో మా మండలం కృష్ణా జిల్లా వదిలి ఏలూరు జిల్లాలో కలిసింది గానీ, బాబాయి వేషం మారలేదు. వేలు పోసి కొన్న పంచె, వందల్లో వచ్చిన చొక్కా, కాళ్లకి హవాయి చెప్పులు. ఎటు చూసినా తెలుపే.

చెప్పుల సంగతి తేలిక. వాన పడితే చెరువు గట్టు మీది నల్లమట్టి బూటునైనా మింగుతుంది, హవాయి చెప్పునైనా మింగుతుంది. ఆ మాత్రం దానికి ఖరీదైంది ఎర వేయడం దేనికని బాబాయి లెక్క.

పంచె దగ్గర మాత్రం తగ్గడు. పొందూరు ఖద్దరే కావాలి. శ్రీకాకుళం జిల్లా పొందూరులో పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి శుభ్రం చేస్తారని ఎవరో చెప్పారు. అంతే, చేపల, రొయ్యల చెరువులవాడు కదా, ఆ పంచెతో చుట్టరికం కలిపేసుకున్నాడు. "మన కొల్లేటి వాలుగేరా అది! దాని పళ్లతో దువ్వబట్టే నూలు అంత సన్నంగా వస్తుంది" అంటాడు. ఆ దవడలు కొల్లేటివేనని ఎవరు చెప్పారో మరి. అంత మడత నలగని పంచె కట్టుకున్న మనిషిని ఎదురడగడానికి నోరు రాదు.

చొక్కా కైకలూరులో రోడ్డు పక్క గుట్టలోంచి ఏరి తెచ్చింది. అయితే కాలర్ లోపల భీమవరం టైలరు చీటీ ఉంటుంది. ఎప్పుడో అక్కడ కుట్టించిన చొక్కా చిరిగిపోతే చీటీ ఒక్కటీ జాగ్రత్తగా విప్పించి దాచాడు. అది ఇప్పటికి ఎన్ని మెడలెక్కి దిగిందో! పైన పిన్ని పెట్టే గంజి, బొగ్గుల ఇస్త్రీ. గంజి పడితే ఏ గుడ్డయినా పెద్దమనిషే.

మెడలో గొలుసులు రెండు. ఒకటి మేలిమి, రెండోది బందరు పక్కన చిలకలపూడి రోల్డుగోల్డు. ఏది ఏదో పిన్నికి తెలుసు, తాకట్టు పెట్టుకున్న బ్యాంకుకి తెలుసు. మేలిమిది బ్యాంకులో ఉన్నన్నాళ్లూ రెండోదానికి తోడుగా ఇంకో చిలకలపూడి గొలుసు దిగుతుంది. ఊళ్లో లెక్క తగ్గకూడదు.

జేబు గుడ్డ పల్చన కాబట్టి లోపలి నోటు రంగు పైకి కనిపించాలి. ఒకే నోటు ముందు, వెనకాలంతా మేత కొట్టు బిల్లులు. 2023 మే నెలలో 2000 నోటు వెనక్కి తీసుకుంటున్నామని రిజర్వు బ్యాంకు ప్రకటిస్తే, బాబాయి దిగులు పడింది డబ్బు గురించి కాదు. తెల్ల చొక్కా మీద ఆ గులాబీ రంగు ఎంత నప్పేదో ఆయనకే తెలుసు.

ఇదంతా పిసినారితనం అనుకుంటే బాబాయి అర్థం కానట్టే. వనామీ రొయ్య ధర సోమవారం ఒకటి, గురువారం ఒకటి. వందకౌంటు (కిలోకి వంద తూగే రొయ్య) ఎంత పలుకుతుందో కొనేవాడి నోట్లోంచి వచ్చేదాకా తెలీదు. అందుకని ఆయన బట్టలు చెరువుకి ఎదురు నడుస్తాయి. పట్టుబడి బాగా పడి చేతిలో డబ్బు ఆడుతున్నప్పుడు మాసిన లుంగీ, చిల్లుల బనీను. చేబదులడిగే బంధువులు ఆ వీధికే రారు. చెరువు తేడా కొట్టిందంటే మాత్రం పొందూరు పంచె, భీమవరం చీటీ, రెండు గొలుసులు, పైన కండువా. అరువు పుట్టాలంటే అంత సరంజామా కావాలి.

ఈ సూత్రం బాబాయి ఒక్కడికే తెలిస్తే బాగుండేది. మొన్న నిగనిగలాడుతూ మేత కొట్టు మెట్లెక్కాడు. కొట్టాయన కళ్లజోడు సవరించుకుని ఎగాదిగా చూసి, "ఏం బాబాయ్, రొయ్యకి తెల్లమచ్చ తెగులు తగిలిందా?" అన్నాడు.

"ముందు బస్తాలు ఆటోకెక్కించవయ్యా, రేటు తర్వాత మాట్లాడుకుందాం" అని బాబాయి పంచె మడత నలక్కుండా కుర్చీ అంచున కూచున్నాడు.