బుల్లెట్టు కార్బురేటరు సూత్రానికి టీకా తాత్పర్యం

మూలం: వేడెక్కనిచ్చి స్లో పెట్టు, గాలి తిప్పి చెవి పెట్టు, ప్లగ్గు చూసి నమ్ము.

అవతారిక: తాడేపల్లిగూడెం నుంచి భీమవరం పోయే దారిలో గణపవరం వంటి ఊళ్ల షెడ్లలో పానాలందించే కుర్రవాడికి మేస్త్రీ చెప్పదగిన ఉపదేశమంతా ఈ మూడు వాక్యాలలో ఇమిడి ఉన్నందున దీనిని సూత్రమనడానికి సందేహం లేదు. 1955లో మద్రాసులో కూర్పు మొదలై, 346 సీసీల ఒంటి సిలిండరును గాలితోనే చల్లార్చుకొనే బుల్లెట్టు ఇందులో విషయం. యాక్సిలరేటరు వదిలినా బండి ఆగకపోవడం ప్రయోజనం. అధికారి మాత్రం కిక్కు కొట్టి అలసిన యజమాని కాడు, వినగల చెవి ఉన్నవాడు.

టీక: చల్లని ఇంజనులో పెట్రోలు పూర్తిగా ఆవిరి కాక గోడలకు అంటుకుంటుంది కనుక, అప్పుడు కుదిరిందనిపించిన మిశ్రమం వేడెక్కిన తరువాత చిక్కనై పొగ కక్కుతుంది, ‘వేడెక్కనిచ్చి’ అనడానికి ఇదే హేతువు. అయితే బుల్లెట్టుకు పంకా లేదు, రెక్కలకు ఎదురుగాలి తగిలితేనే చల్లబడుతుంది కనుక, నిలబెట్టి గంటసేపు తిప్పుతూ కూర్చోమని దీని అర్థం కాదు. ‘స్లో’ అనగా ఇంజను ఆగకుండా తిరిగే కనిష్ఠ వేగం. గాలిదారిలో పైకీ కిందికీ జారే థ్రాటిల్ స్లైడును ఆ మేరకు ఎత్తి నిలిపే స్క్రూ దీనికి సాధనం.

‘గాలి’ అన్నచోట లక్షణచేత ఎయిర్ స్క్రూ అని గ్రహించాలి. గంగలో గొల్లపల్లె అంటే గంగ ఒడ్డున పల్లె అని శాస్త్రజ్ఞులు చెప్పినట్లే ఇదీను. (కొల్లేటిలో పల్లె అన్నపుడు మాత్రం, లంక గ్రామాలుండగా, వాచ్యార్థమే చాలు.) ఈ స్క్రూ స్లో జెట్టుకు పోయే గాలిని అదుపు చేస్తుంది, బిగిస్తే గాలి తగ్గి మిశ్రమం చిక్కబడుతుంది, వదులు చేస్తే పలచబడుతుంది. సాధారణంగా పూర్తిగా బిగించి ఒకటిన్నర చుట్టు వదిలి, అక్కడినుంచి పావు చుట్టు చొప్పున అటూ ఇటూ తిప్పుతూ, శబ్దం ఎక్కడ అన్నిటికంటె చురుకుగా, నిలకడగా వినిపిస్తే అక్కడ ఆపాలి. వదిలితే పెట్రోలు పెరుగుతుందని కొందరు వాదిస్తారు. అది ఫోక్స్‌వ్యాగన్ బీటిల్‌కు అమర్చిన సోలెక్స్ కార్బురేటరులో నిజమే, అక్కడి స్క్రూ తయారైన మిశ్రమాన్నే అదుపు చేస్తుంది. పైగా ఆ కారుది గాలితో చల్లబడే ఇంజనే అయినా దానికి సొంత పంకా ఉన్నది. ఆ న్యాయాన్ని బుల్లెట్టుకు పట్టించడం అతివ్యాప్తి దోషం.

గాలి ముందా, స్లో ముందా అన్న వివాదం నిష్ఫలం. గాలి కుదిరితే వేగం పెరుగుతుంది, పెరిగినదాన్ని మళ్లీ స్లో స్క్రూతో దించాలి, దించాక గాలిని మరోసారి సరిచూడాలి. కాబట్టి సూత్రంలో చెప్పకపోయినా ఆవృత్తి విధేయమే.

‘ప్లగ్గు చూసి’: ఒక పాలు పెట్రోలుకు బరువులో 14.7 పాళ్ల గాలి అన్నది పూర్ణదహనపు లెక్క. షెడ్డులో ఆ లెక్కను తూచే త్రాసు లేదు కనుక ప్లగ్గు రంగే ప్రమాణం. ఇటుక గోధుమ రంగు మేలు, నల్లని మసి చిక్కదనానికి, తెల్లదనం పలచదనానికి, అమిత వేడికి గుర్తు. కానీ నిలబెట్టి చూసిన ప్లగ్గు స్లో సంగతే చెబుతుంది. పరుగులో తేడా ఉంటే నీడిలునూ మెయిన్ జెట్టునూ అడగాలి తప్ప ఈ స్క్రూను హింసించరాదు.

తాత్పర్యం: ఇంజనును వేడిచేసి, వేగాన్నీ గాలినీ మార్చి మార్చి చెవితో కుదిర్చి, కంటితో రుజువు చేసుకోవాలని భావం.

విశేషం: చేపల చెరువు గట్ల మీద తిరిగే బండికి దుమ్ముతో ఫిల్టరు పూడుకొని మిశ్రమం చిక్కబడుతుంది, ఇథనాల్ కలిసిన నేటి పెట్రోలు దానికి విరుద్ధంగా మిశ్రమాన్ని పలచన చేస్తుంది, చెమ్మను పీల్చి ఫ్లోటు గిన్నెలోకి నీరు చేరుస్తుంది. ఈ రెండు దోషాలను సూత్రకారుడు ప్రస్తావించలేదు. 2020లో బీఎస్-6 నిబంధనతో బుల్లెట్టుకు ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది కనుక కొత్త బళ్లకు ఈ సూత్రం వర్తించదు. పాత బళ్లవారు ముందు ఫిల్టరు దులిపి, గిన్నె కడిగి, ఆ తరువాతే స్క్రూడ్రైవరు పట్టడం ఉచితం.