ఈవెన్ మీరు కూడానా!

చవితి పందిట్లో కీర్తన పాడి మైకు దించానో లేదో, మా అపార్టుమెంటు సెక్రటరీ అది అందుకుని ‘‘ఈవెన్ యూ కెన్ సింగ్, సార్!’’ అన్నాడు. పాపం, ఆయన చెప్పబోయింది ‘‘యూ కెన్ ఈవెన్ సింగ్’’ అని. మెయింటెనెన్సు లెక్కల మీద గొడవపడటమే కాదు, ఈయనకి పాట కూడా వచ్చునని. ఆ ఈవెన్ రెండడుగులు ముందుకు జరిగేసరికి, ‘పాటంటే ఇంత తేలికా, మీక్కూడా వచ్చేసిందే!’ అన్నట్టయింది.

‘‘మెచ్చుకున్నాడు కదండీ, వదిలేయండి’’ అంటుంది మా ఆవిడ. ఎందుకు వదలాలి? తెలుగులో అయితే ఆయన ఈ పని చేయడు. ‘మీరు కూడా పాడతారు’కీ ‘మీరు పాడతారు కూడా’కీ తేడా మా పాలబ్బాయికి కూడా తెలుసు.

అసలీ రకం మెప్పు మనం బ్రౌన్ దొరకి పెట్టినంతగా ఇంకెవరికీ పెట్టలేదు. 1820లో ఉద్యోగం మీద కడప వచ్చాడు. వేమన పద్యాలు ఏరి 1829లో అచ్చువేశాడు. సొంత డబ్బుతో పండితుల్ని పెట్టి పాత ప్రతులకు సాపు రాయించాడు, అప్పులపాలయ్యాడు, 1852లో నిఘంటువు తెచ్చాడు. లండన్ వెళ్ళిపోయీ ఊరుకోలేదు, అక్కడా తెలుగు ప్రొఫెసరే. ఇంత చేసినాయన్ని సభల్లో ఏమంటాం? ‘‘తెల్లవాడై ఉండి కూడా!’’ ఆయన పుట్టింది కలకత్తాలో. పోనీ, బెంగాల్లో పుట్టి కూడా అనొచ్చుగా! ఆయన దగ్గర కూర్చుని ప్రతులు సరిచూసిన జూలూరి అప్పయ్య వంటి పండితుల్ని మాత్రం ‘తెలుగువాళ్ళై ఉండి కూడా’ అని ఎవరూ పొగడలేదు. తెలుగువాడికి తెలుగు వస్తే వింతేముంది?

ఉంది. నా తర్వాత మైకు పట్టుకున్నది కూకట్‌పల్లిలోనే పుట్టి పెరిగిన ఆరో తరగతి కుర్రాడు. వేమన పద్యం ఒకటి తప్పుల్లేకుండా చదివాడు. ‘‘మా మనవడికి తెలుగు కూడా వచ్చండీ’’ అని వాళ్ళ అమ్మమ్మగారు మురిసిపోయారు. పందిరి అదిరేలా చప్పట్లు. అందులో నావే గట్టివి. ‘‘ఐ కెన్ ఈవెన్ రీడ్ ఇట్’’ అన్నాడు వాడు. ఈవెన్ పడాల్సిన చోటే పడింది, వంక పెట్టడానికేం లేదు.

ఆ వయసులో నేను వరసపెట్టి పద్యాలు ఒప్పజెప్పినా ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఒక్క పాదం తడబడితే మాత్రం తాతయ్య తొడపాశం పెట్టేవారు.