చైన్ ఉంటే ట్యాంకేనా?

తిరువూరు దగ్గర నెమలిలో ఏ పిల్లాడినడిగినా, దూరాన్నుంచే ట్రాక్టర్ మహీంద్రానా, స్వరాజా చెప్పేస్తాడు. మన టీవీలవాళ్లకు మాత్రం చైన్ మీద నడిచేదల్లా ‘యుద్ధ ట్యాంకే’. వరి కోసే చైన్ మిషన్ ఇంకా వాళ్ల కంటబడలేదు, అదృష్టం!

పాపం, ఎద్దుమైలారం ఆయుధ కర్మాగారంలో తయారయ్యే, జవాన్లను మోసే ‘శరత్’ గతీ ఇదే. ఈ బీఎంపీ-2 బండి బరువు దాదాపు 14 టన్నులు. సన్నటి 30 మి.మీ. తుపాకీ, వెనక జవాన్లు దిగేందుకు రెండు తలుపులు. టీ-72 ట్యాంకు 40 టన్నుల పైమాటే, గొట్టం 125 మి.మీ., వెనక తలుపే లేదు. (ఇజ్రాయెల్ మెర్కావా ట్యాంకుకు ఉంది లెండి, అది వేరే కథ.)

ఎద్దుమైలారం ఎద్దును ఏనుగంటే ఎలా? ఫొటో కింద పేరు రాసే బాబులూ, ముందు గొట్టం లావు చూడండి.