కాగితం మాట్లాడుతుంది

జప్తులంటే కోర్టు అమీనాగారికి కొట్టిన పిండి. పాడిగేదైనా, మోటారు సైకిలైనా, పెళ్ళినాటి బీరువా అయినా, వారంటు చేతికొచ్చిందంటే సాయంత్రంలోగా పంచనామా పూర్తవ్వాల్సిందే. ఈసారి వారంటులో ఉన్నది మాత్రం మూడేళ్ళ పిల్ల.

తండ్రి కువైట్‌లో. పిల్ల అతని అన్నగారింట్లో. ఐదేళ్ళలోపు బిడ్డ మామూలుగా తల్లి దగ్గరే ఉండాలని 1956 నాటి హిందూ మైనారిటీ చట్టం చెబుతుంది. కోర్టూ అదే చెప్పింది. మాట వినకపోతే 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం ఉండనే ఉంది. దాని 25వ సెక్షను కింద పిల్లను ‘అరెస్టు’ చేయించి మరీ అప్పగించవచ్చు. అవును, పిల్లనే! పంపకుండా మొండికేసినవాళ్ళకు మొదట 100 రూపాయల దాకా జరిమానా, ఆపైన రోజుకు 10, అంతా కలిపి 500 మించకూడదు. సివిల్ జైలు కూడా ఉందనుకోండి, అక్కడిదాకా లాక్కెళ్ళే ఓపిక ఎవరికుంది?

అమీనాగారు మొదటిసారి వెళ్తే ఇంటికి తాళం. రెండోసారీ తాళమే, కాకపోతే అరుగు మీద చిన్న గిన్నెలో సగం తిన్న పెరుగన్నం.

“ఇప్పుడే ఏదో ఫోనొచ్చింది, గబగబా వెళ్ళిపోయారు” అంది పక్కింటావిడ.

అమీనాగారికి అర్థం కాలేదు. తను వస్తున్నట్టు ఎవరికీ చెప్పలేదు. పద్ధతి ప్రకారం స్టేషన్లో ఒక మాట చెప్పి రావడం తప్ప.

“అది కాదండీ, మా బావగారు...” అని తల్లి ఏదో చెప్పబోయింది.

“నువ్వు మాట్లాడకమ్మా. కాగితం మాట్లాడుతుంది.”

కాగితం మళ్ళీ కోర్టుకెళ్ళింది. వాయిదాల మీద వాయిదాలు పడి, ఐదు నెలల తర్వాత పోలీసు సాయం ఉత్తర్వుతో తిరిగొచ్చింది. ఈసారి తల్లి కూడా స్టేషన్‌లోకి వచ్చి, బెంచీ చివర కూర్చుంది.

ఉత్తర్వు చదివి ఎస్సై మండిపడ్డాడు.

“పసిబిడ్డను తల్లికి దూరం చేస్తారా? వీళ్ళసలు మనుషులేనా? ఉండండి, ఆ వీధిలో ఉండే మనవాణ్ణే మీకు తోడు పంపిస్తా. ఎలా తప్పించుకుంటారో చూద్దాం.”

కబురందుకుని హెడ్ కానిస్టేబుల్ లోపలికొచ్చి సెల్యూట్ కొట్టాడు.

తల్లి గబుక్కున లేచి, కొంగు సర్దుకుంది.

“పాప అన్నం తిందా, బావగారూ?”