క్లాసిక్కట, క్లాసిక్కు!

మా రోజుల్లో కారుకి బోనెట్టు ఎందుకుండేదంటే, తెరవడానికి. ఇప్పటి కార్లకి ఎందుకుంటోందో నాకు బోధపడదు. మా మనవడి కారుది ఎత్తి చూశాను. లోపల నల్లటి ప్లాస్టిక్ మూత, దాని మీద కంపెనీ ముద్ర. ఇంజనేదిరా అంటే, "దాని కిందుంది తాతా, ముట్టుకోకు, వారంటీ పోతుంది" అన్నాడు. డబ్బు పోసి కొనుక్కున్న వస్తువుని ముట్టుకోకూడదట! పోసింది బ్యాంకు డబ్బేలెండి, తొమ్మిదేళ్ళ వాయిదాల మీద. కారు ముందు పోతుందో వాయిదాలు ముందు తీరతాయో ఆ రామయ్యకే తెలియాలి.

నాది మోరిస్ మైనర్. 948 సీసీ ఇంజను, మలేషియాలో మా పేరాక్ రాష్ట్రం వాళ్ళ 'ఏ' అక్షరం నంబరు ప్లేటు. తోటలో చిన్నదొర సీమకి వెళ్ళిపోతూ అమ్మేస్తుంటే, ఆఫీసులో కిరాణిగా ఉన్న నేను చీటీ పాడి కొన్నాను. కిరాణి కారు కొనడమేమిటని లైన్లలో నెల్లాళ్ళు చెప్పుకున్నారు. అప్పటికి మా హుటాన్ మెలింటాంగ్‌లో కార్లు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. దొరల దగ్గర, చేపల టౌకేల దగ్గర, ఒకరిద్దరు కంట్రాక్టర్ల దగ్గర. మనవాళ్ళకి సైకిలే గొప్ప. బెర్నామ్ నది ఒడ్డు బురద నేల మాది. వానొస్తే తోట రోడ్డుకీ పక్క కాలువకీ తేడా తెలిసేది కాదు. 1906లో డెన్మార్క్ దొర వెస్టన్‌హోల్జ్ మొదలుపెట్టిన జెందరాటా తోటలో గెలలు మొయ్యడానికి చిన్న రైలు పట్టాలే వేసుకున్నారంటే, ఆ రోజుల్లో మా మట్టి రోడ్లెలా ఉండేవో మీరే ఊహించుకోండి. అలాంటి రోడ్ల మీద తిరిగిన బండి ఇది.

దీన్ని తయారుచేసినవాడు అలెక్ ఇసిగోనిస్. తర్వాత మినీ కారు చేసినవాడూ ఆయనే. 1948లో లండన్ మోటార్ షోలో పెట్టారు. కంపెనీ యజమాని నఫీల్డ్ ప్రభువుకి మాత్రం ఇది నచ్చలేదు, నీళ్ళలో ఉడికించిన గుడ్డులా ఉందన్నాడు. ఇసిగోనిస్ ఊరుకున్నాడా? అంతా సిద్ధమయ్యాక వెడల్పు చాలలేదనిపించి, నమూనా కారుని నిలువునా రెండుగా కోయించి, మధ్యలో నాలుగంగుళాలు ఎడం పెట్టి చూసుకున్నాడు. నా కారు బోనెట్టు మధ్య చదునుగా కనిపించే పట్టీ ఆ నాలుగంగుళాలే. బ్రిటన్‌లో పది లక్షలు దాటిన మొట్టమొదటి కారు అయింది ఆ గుడ్డే. ఇప్పుడు ఏ కారుకి ఇలాంటి కథ ఉంది? అన్నీ కంప్యూటర్లో పుట్టి కంప్యూటర్లోనే పెరుగుతున్నాయి. పార్కింగులో నాలుగు తెల్లకార్లు వరసగా ఉంటే మనదేదో తాళంచెవి నొక్కి, కుయ్యిమన్నదాని దగ్గరికి పోవాలి.

మా కారు గొంతు మాకు తెలిసేది. తాళం తిప్పగానే ముందు పెట్రోలు పంపు టిక్కుటిక్కుమనేది. ఆ చప్పుడు నెమ్మదించి ఆగిందంటే కార్బొరేటరు నిండినట్టు. ఆగకుండా కొట్టుకుంటోందంటే ఎక్కడో గాలి పీలుస్తున్నట్టు. అసలు కొట్టుకోకపోతే దిగి, స్పానరుతో పంపు నెత్తిన ఒక్కటిచ్చుకోవాలి. ఆ తర్వాత చోకు లాగి, స్టార్టరు గుండీ లాగితే సరి. బ్యాటరీ చచ్చినా గాభరా లేదు, ముందు హ్యాండిలు దూర్చి తిప్పేవాళ్ళం. లైటు దించాలంటే కాలితో నొక్కే మీట. మలుపు తిరగాలంటే పక్క స్తంభంలోంచి చిన్న నారింజ రంగు చెయ్యి బయటికొచ్చేది. వానాకాలంలో అది బయటికి రానని మొరాయిస్తే లోపలినుంచి ఒక్క గుద్దు గుద్దాలి. మొదటి గేరుకి సింక్రో లేదు, బండి పూర్తిగా ఆగాక వెయ్యాలి. కదులుతుండగా వెయ్యాలంటే క్లచ్చి రెండుసార్లు తొక్కడం తెలిసుండాలి. లేదంటే పళ్ళు కొరుకుతుంది, వీధంతా తిరిగి చూస్తుంది. ముందు చక్రాల కీళ్ళకి వేళకి గ్రీజు కొట్టకపోతే చక్రం కిందికి కూలబడిపోతుంది. గ్రీజు గన్ను పట్టుకుని కింద పడుకోవడం ఆదివారం పూజలాగే మాకు.

రిపేరుకి ఊళ్ళో చీనా ఫోర్మన్ ఒకడుండేవాడు. స్క్రూడ్రైవరు మొన ఇంజనుకి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని కళ్ళు మూసుకునేవాడు. "మూడో వాల్వు" అనేవాడు. మూడో వాల్వే. పెట్రోల్లో సీసం కలపడం మానేసినప్పుడు ఈ పాత ఇంజన్లకి వాల్వు సీట్లు అరిగిపోతాయని నాకు చెప్పినవాడూ వాడే. హెడ్డు దించి గట్టి సీట్లు వేయించాడు, ఇప్పటికీ ఆ సీట్ల మీదే నడుస్తోంది. ఇప్పుడు అదే షాపులో వాడి మనవడు వైరు గుచ్చి తెర చూస్తాడు. "సెన్సరు అంకుల్" అంటాడు. ఏ సెన్సరురా అంటే మొత్తం సెట్టు మార్చాలంటాడు. విప్పడం, బాగు చెయ్యడం పోయాయి. పీకడం, పెట్టడం మిగిలాయి.

తోట లైన్లలో ఎవరికి నొప్పులొచ్చినా అర్ధరాత్రి మా తలుపే కొట్టేవారు. ఆసుపత్రి ఉన్న పట్నం పేరు అప్పటికింకా టెలుక్ ఆన్సనే, 1982లో కదా టెలుక్ ఇంతాన్ అయింది. అక్కడి ఆసుపత్రికి ఆ చీకట్లో, ఎదురుగాలి కోసం తలుపు మూల త్రికోణపు అద్దం తెరుచుకుని, వెనక సీట్లో ముగ్గురు ఆడవాళ్ళతో పోయేవాణ్ణి. ఈ ఊళ్ళో ఇప్పుడు తాతలైపోయినవాళ్ళలో కొందరు నా కారులో ఊయలూగినవాళ్ళే. చిత్రా పౌర్ణమికి టెలుక్ ఆన్సన్‌లో రథం తిరుగుతుంటే పిల్లల్ని ఒళ్ళో ఒకరు, ఒడి కింద ఒకరు కుక్కి తీసుకెళ్ళాం. తోట రామాలయంలో నవమి పందిరికి మట్టలు దీని నెత్తి మీదే వచ్చేవి. పెట్రోలు ఖర్చు ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. తెల్లారేసరికి గుమ్మంలో అరటి గెలో, ఎండు రొయ్యల పొట్లమో ఉండేది.

ఇప్పుడు మా ఇంట్లోనే నాలుగు కార్లు. ఒకే పెళ్ళికి నలుగురూ నాలుగు కార్లలో బయల్దేరి, అక్కడ నాలుగు చోట్ల జాగా వెతుక్కుని, ఫోన్లో "ఎక్కడున్నావ్" అని అడుక్కుంటారు.

ఒకసారి ఇండియా వెళ్ళి శ్రీకాకుళంలో రైలు దిగాను. మా ముత్తాతల ఊరు ఆ చుట్టుపక్కలే. స్టేషను బయట టాక్సీలన్నీ అంబాసిడర్లు. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ అచ్చు అది, అంటే నా బండికి అన్న వరస. డ్రైవరు స్పానరు తీసి పంపు మీద కొడుతుంటే నాకు ప్రాణం లేచొచ్చింది. పుట్టింటివాళ్ళ మాట యాస మారిపోయిందేమో గానీ, ఆ దెబ్బ యాస మాత్రం అదే. 2014లో అంబాసిడరు తయారీ కూడా ఆపేశారు.

మొన్న కౌలాలంపూర్ నుంచి ఒక గుంపు వచ్చింది, అందరికీ ఒకే రంగు టీషర్టులు. 'క్లాసిక్' ప్రేమికులట. వాళ్ళ కార్లు లారీల మీద ఎక్కించుకొచ్చారు! చక్రాలున్న వస్తువుని ఇంకో చక్రాల మీద మోసుకురావడం నేను అప్పుడే చూశాను. చినుకు పడగానే కవర్లు కప్పేశారు. అందులో ఒకటి ప్రోటాన్ సాగా. 1985లో అప్పటి ప్రధాని మహాతీర్ చేతుల మీదుగా వచ్చిన సాగా నాకు నిన్నగాక మొన్నటిది, అదీ క్లాసిక్కే అయిపోయిందట. వాళ్ళలో ఒక కుర్రాడు నా కారు మడ్‌గార్డు మీద సొట్ట చూసి, పాపం జాలిపడి, "దీన్ని తీయించేస్తే షోరూము కారులా ఉంటుంది అంకుల్" అన్నాడు. మా తోడల్లుడి పెళ్ళినాడు పందిట్లో అందరూ తాళి కోసం చూస్తుండగా చెట్టు మీంచి కొబ్బరికాయ పడి చేసిన సొట్ట అది. పందిరి వదిలేసి పెళ్ళివాళ్ళంతా నా కారు చుట్టూ మూగారు. మా తోడల్లుడు పోయాడు, ఆ కొబ్బరిచెట్టూ పోయింది. సొట్ట తీయించాలంట! షోరూము కారు కావాలంటే షోరూముకి పో నాయనా అన్నాను. దాన్ని లారీ ఎక్కించనని కూడా చెప్పాను. వెయ్యి వెయ్యి పెంచుతూ ధర చెప్పుకుంటూ వెళ్ళారు. అప్పటి మన డాలర్లలో కొన్న బండి నాది, రింగిట్లలో ధర పెట్టినంత మాత్రాన తూగదు.

నా స్పీడోమీటరు ఇంకా మైళ్ళలోనే చెబుతుంది. రోడ్డు పక్క బోర్డులు కిలోమీటర్లకి మారి ఎన్నేళ్ళో. రోడ్డు టాక్సు కాగితం అద్దానికి అంటించనక్కర్లేదట 2023 నుంచి, ఫోన్లో చూపిస్తే చాలట. నేను అంటిస్తాను. అద్దం ఖాళీగా ఉంటే ముఖాన బొట్టు లేనట్టుంటుంది.

ఇప్పుడు మా మనవడి పెళ్ళి. ఫోటోల కోసం మోరిస్ కావాలట. పూలు కట్టి, లారీ మీద ఇపో దాకా తీసుకెళ్ళి, పాత కట్టడాల ముందు నిలబెట్టి తీయిస్తారట. తీయించుకోండి, నాకేం అభ్యంతరం లేదు. కానీ లారీ మాటెత్తితే తాళంచెవి ఇవ్వను. పెళ్ళికొడుకే నడుపుకుంటూ పోవాలి, పక్కన పెళ్ళికూతురు, వెనక సీట్లో నేను. పళ్ళు కొరకనివ్వకుండా మొదటి గేరు వేసి చూపించమన్నాను. వారం రోజులనుంచి వీధి చివరిదాకా నేర్చుకుంటున్నాడు. నిన్న సాయంత్రం గోస్తాన్ కొట్టి వెనక్కి వస్తూ మా అల్లుడి కొత్త కారుని తాకించాడు. అందులో సెన్సర్లన్నీ ఒక్కసారిగా కుయ్యిమన్నాయి. నా బండికి గీత కూడా పడలేదు.