దేవుడికీ ఒక శిలాఫలకం

2024 డిసెంబరులో ప్రకాశం జిల్లా ముండ్లమూరు, తాళ్లూరు మండలాల్లో భూమి కొన్ని సెకన్లు వణికింది. మర్నాడూ వణికింది. జనం ఇళ్లలోంచి బయటికి పరుగెత్తారు. భూశాస్త్రం చదివినవాళ్లు నేల పొరల్లోని పగుళ్ల గురించి, 1967లో ఒంగోలు ప్రాంతాన్ని కుదిపిన భూకంపం గురించి చెబుతారు. ఆ మాట ఎవరిక్కావాలి? భూమిని చేసినవాడికి కోపమొచ్చిందంటే సరిపోతుంది. చేసినవాడైతే మొక్కు చెల్లించి సముదాయించవచ్చు.

అసలు పడమటి ప్రకాశానికి కర్తల కొరత ఎప్పుడూ లేదు. వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన చేసిన కర్త ఒకరు, 2004 తర్వాత పనులు కదిలించిన కర్త మరొకరు, 2024 మార్చిలో జంట సొరంగాలను జాతికి అంకితం చేసిన కర్త ఇంకొకరు. ఆ అంకితం నాటికి పొలాలకు నీళ్లు రాలేదు గానీ, ఫలకం మీద పేరు మాత్రం వచ్చింది. ఇంత అలవాటైన జనం దేవుణ్ణి మాత్రం ఊరికే వదులుతారా? ఆయన్నీ సృష్టికర్తను చేసి, మీద ఒక ఫలకం బిగించారు.

కర్త అంటే లెక్క తేలుతుంది. పని చేశాడు గనక బిల్లు ఇవ్వాలి. తిరుమలలో శ్రీవాణి ట్రస్టుకు పదివేలిస్తే దర్శనం దగ్గరవుతుంది. ఇటు ప్రార్థన సభలో దశమభాగం కట్టినవాడికి ఆశీర్వాదం ముందుగా వస్తుందంటారు. గుళ్లో ఫ్యాను రెక్క మీద పేరు రాయించిన దాతకు ఒకటే దిగులు: అది తిరిగితే తన పేరు కనపడదు!

దేవుడంటే షరతుల్లేని ప్రేమ అని ఎవరైనా అన్నారనుకోండి, ఈ వ్యాపారమంతా ఏం కాను? అడక్కుండానే ఇచ్చేవాడి దగ్గర సిఫారసుకు పనేముంది? మధ్యవర్తుల పిల్లల ఫీజులెవరు కడతారు? అందుకే ఆ మాటను ప్రసంగంలో వాడతారు, హుండీ దగ్గర వాడరు.

షరతు పెట్టకుండా ఇచ్చిన ముచ్చట ఒకటి మన ప్రాంతంలోనే జరిగింది. 1876 నుంచి 1878 దాకా సాగిన కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకాన్ని కాంట్రాక్టుకు తీసుకుని ఆకలిగొన్నవాళ్లకు కూలి ఇప్పించాడు. కూలి కావాలంటే మతంలో కలవమనలేదు. పైగా అన్నం కోసం వచ్చారన్న మాట రాకూడదని ఆ రోజుల్లో బాప్తిస్మాలే ఆపేశాడు. ఆ తర్వాత 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నది ఒడ్డున ఒక్కరోజులో 2,222 మందికి బాప్తిస్మం జరిగింది.

మనకు నోటికి వచ్చింది ఏది? ఆ నాలుగు రెళ్లు. పార పట్టినవాళ్లలో మతం మారనివాళ్లెందరికి కూలి ముట్టిందో ఎవరూ ఫలకం చెక్కించలేదు. దాతలు ముందుకొస్తే ఇప్పటికైనా చెక్కించవచ్చు. పేర్లు మాత్రం దాతలవే ఉంటాయి.