మూడు చెబితే పాసు

వరంగల్ పక్క పల్లె. ఏడో నెల కడుపుతో పత్తి చేను నుంచి అప్పుడే వచ్చి గడపలో కూలబడింది ఆమె. ఎదురుగా ట్యాబు పట్టుకున్న సర్వే పిల్ల.

"అక్కా, గర్భంలో ప్రమాద సంకేతాలేందో చెప్పు."

"అంటే?"

పిల్ల పెదవి విప్పకూడదు. 2004లో జపైగో అనే అమెరికా సంస్థ కాన్పు సన్నద్ధతను కొలవడానికి తయారుచేసిన పద్ధతిలో తల్లి తనంతట తానే అప్పజెప్పాలి: తీవ్ర రక్తస్రావం, ముఖమూ చేతులూ వాచడం, చూపు మసకబారడం. కాన్పుకు వేరే జాబితా, బాలింతకు ఇంకొకటి. మా బళ్లో ఎక్కాలు కూడా ఇంత నిక్కచ్చిగా అడగలేదు.

"ఏదన్న అయితే తెల్వదా చెల్లె? మా అక్కకు మొకమంత నీరుబట్టి, గుర్రపువాతమొస్తే నేనే గద ఆటోల ఏసుకపోయిన!"

అప్పటికే పిల్ల 8 నొక్కేసింది. సర్వే భాషలో 8 అంటే 'తెలియదు'. అర్ధరాత్రి ఆటో కుదిర్చింది, కమ్మలు కుదువబెట్టింది, అక్కను బతికించుకుంది. మార్కులు మాత్రం సున్నా.

నివేదిక చివర ఒకే వాక్యం: మహిళల్లో అవగాహన అంతంతమాత్రం, అవగాహన సదస్సులు పెంచాలి. సర్వేకు ముందే దాన్ని టైపు చేసి పెట్టుకుంటారని నా అనుమానం.

సంకేతాలు తెలియాలి, కాదనను. కానీ తల్లుల ప్రాణాలు తీసే జాప్యాలు మూడని పరిశోధకులు థాడియస్, మెయిన్ 1994లోనే రాశారు: నిర్ణయంలో జాప్యం, దారిలో జాప్యం, ఆస్పత్రికి చేరాక వైద్యంలో జాప్యం. తల్లి తెలివికి మొదటిదాంట్లోనే కాస్త వాటా. అందులోనూ అత్త మాట, మగని జేబు ఉన్నాయి. ఏటూరునాగారం నుంచి వరంగల్‌కు దాదాపు నూరు కిలోమీటర్లు. వాగు పొంగిన రాత్రి ఆ దూరాన్ని ఏ జాబితా అప్పజెప్పి దాటాలి?

పరీక్షలంటే అంత సరదా ఉంటే ఇంకొకటి పెడదాం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 97 శాతం కాన్పులు ఆస్పత్రుల్లోనే. మొత్తం కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లు. 10 నుంచి 15 శాతం దాటనక్కర్లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1985లోనే అంది. కాబట్టి ఈసారి ట్యాబు డాక్టర్ల బల్ల మీద పెట్టి, ఏమీ అందివ్వకుండా, కోతకు మూడు కారణాలు చెప్పమందాం. ఎవరైనా 'ముహూర్తం' అంటే ఏ అంకె నొక్కాలో సర్వే పిల్లకు ముందే చెప్పి పంపాలి.